వైఫై ఆగింది, మైకు ఆగలేదు

“వంటావార్పు నాడు మీ బావ ఇంట్ల అడుగు పెట్టినవా లేదా? గదొక్కటి చెప్పు తమ్మీ.”

“పెట్టలే అక్కా. నా బిడ్డల మీద ఒట్టు. పొద్దంత రోడ్డు మీదనే ఉన్న. గంజులు కడిగిన, కట్టెలు ఎగదోసిన, అన్నం వడ్డించిన. ఊరంత చూసింది.”

బిక్షపతి ఎరువుల దుకాణం షట్టర్ సగం దించి ఉంది. సకల జనుల సమ్మె మొదలయ్యాక జనగామలో షట్టర్లన్నీ అలాగే ఉన్నాయి. మనిషికి నలభై ఉంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలి మొగుడు మాయమైన మనిషికి ఎంత ఎర్రగా ఉండాలో సరిగ్గా అంతే. అదే నాకు నచ్చలేదు. హనుమకొండలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టి, పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు చేసీ చేసీ, ఉండాల్సినట్టే ఉండే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

“మరి కొట్లాట ఎప్పుడు విన్నవు?”

“పొద్దుగూకినంక, ఆరున్నరకు. మా అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని కూసున్న. పక్కిల్లే గద, బావ వైఫై మా అరుగు దాకా మస్తుగ వస్తది. వంటావార్పు ఫొటోలు పేపరోళ్లకు పంపుతున్న. అప్పుడు లోపల సుభాష్‌గాడు ఒర్రుడు వినవడ్డది. బావ గొంతు గూడ విన్న. జరసేపటికి వాడు బయటికొచ్చి ఉరికిండు. తెల్లారి చూస్తే బావ లేడు, కంప్యూటర్ గదిల నెత్తురున్నది.”

“బావ వైఫై మీదనే పంపినవా ఫొటోలు?”

“దాని మీదనే. ఇన్‌స్పెక్టర్ సారు నా మెయిల్ చూసిండు, టైమ్ గూడ రాసుకున్నడు.” లేచి సంచి భుజానికి వేసుకున్నాడు. “ఇగ పోత అక్కా. మానుకోటల మా చెల్లె పసిపిల్లను పట్టుకొని ఒక్కతే ఏడుస్తున్నది.”

బండి ఎక్కి మానుకోట, అదే మహబూబాబాద్ దారి పట్టాడు. ఆపడానికి నా దగ్గర ఏముంది? ఏమీ లేదు.

దుకాణం బయట మెట్టు మీద గంగాబాయి కూర్చుని ఉంది. మరిపెడ దగ్గరి తండా ఆమెది. బస్సుల్లేవు కదా, దొరికిన బండినల్లా పట్టుకుని హనుమకొండ వచ్చి, నిన్న నా ఆఫీసు గుమ్మంలో కూలబడింది. ఠాణాలో ఉన్న సుభాష్ ఆమె కొడుకు, మాయమైన యుగేందర్ కంప్యూటర్ సెంటర్‌లో శిష్యుడు. శ్రావణ మాసంలో ఆ ఇద్దరే వచ్చి నా ఆఫీసు వైఫై డబ్బా బాగు చేసి వెళ్లారు. కాబట్టి ఒకడు ఇంకొకణ్ణి చంపాడంటే నా మనసు ఒప్పుకోలేదు. మనసు ఒప్పుకోకపోవడం కోర్టులో పనికిరాదని నాకూ తెలుసు.

“సాయంత్రం కోర్టుకు తీస్కపోతరట అక్కా,” అంది గంగాబాయి. “మర్డర్ కేసని రాస్తరట. ఒక్కసారి జైలుకు పోతే మళ్ల నా కొడుకు తండాకు వస్తడా?”

ఆ రోజు సుభాష్ పొద్దున్నుంచీ భూపాలపల్లిలో ఉన్నాడు. సమ్మెలో కూర్చున్న బొగ్గు గని కార్మికుల శిబిరంలో వైఫై పెట్టడానికి యుగేందరే పంపాడు. అక్కడ యాభై మంది చూశారు. పోలీసులు కూడా కాదనలేదు. కానీ చీకటి పడే వేళకు జనగామ వచ్చి, యుగేందర్ తలుపు కొట్టి, పలక్కపోతే వెళ్లిపోయానని పిల్లవాడు తన నోటితో తానే చెప్పాడు. నిజం చెప్పి ఇరుక్కున్నాడు. బిక్షపతి చెప్పిన ఆరున్నర, వాడు చెప్పిన ఆరున్నర ఒక్కటే.

“కోర్టుకు ఇంకా టైమున్నది,” అన్నాను. “నువ్వు నా ఎంబడి రా.”

యుగేందర్ ఇల్లు నాలుగడుగుల్లోనే ఉంది. గేటు ముందు ఇన్‌స్పెక్టర్ మార్కండేయులు కుర్చీ వేసుకుని, విసనకర్రలా పేపరు ఊపుకుంటున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రత్యేక బృందంవాడు. సొంతూరు భీమవరం వైపు.

“మళ్లీ వచ్చారా భూలక్ష్మి గారూ? మీ భాష అర్థం చేసుకోడానికే నాకు అరపూట పడుతోందండీ.”

“మీ సిన్మాలల్ల జోకర్లు మాట్లాడేది గిదే భాష గద సార్. అప్పుడు మంచిగనే అర్థమైతది.”

అతని మొహం ఎర్రబడింది. ముందా పని చేయడం నాకు అలవాటు. తర్వాత అడగాల్సింది అడుగుతాను. “కంప్యూటర్ గది సీలు తీయుండ్రి. నాకు ఒక్క వస్తువు చూడాలె.”

“పంచనామా లేకుండా సీలు తీయనండీ. ఇద్దరు పంచులు కావాలి. మీ ఊళ్లో సంతకం పెట్టే నాథుడే లేడు. వీఆర్వో సమ్మె, తహసీల్దార్ ఆఫీసు సమ్మె, ఆఖరికి బంట్రోతు కూడా సమ్మె!”

అది మాత్రం నిజం. మనిషి పద్ధతి తప్పేవాడు కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. నేను రోడ్డు దాటి ఎదురుగా ఉన్న దీక్షా శిబిరంలోకి వెళ్లాను. టెంటు కింద ముందు వరసలో శారద టీచర్ కూర్చుని ఉంది. సర్కారు బడి పంతులమ్మ, సమ్మె మొదటి రోజు నుంచీ ఆ చాప వదల్లేదు.

“సంతకమా? సమ్మెల ఉన్నం భూలక్ష్మక్కా. సర్కారు కాయితం మీద గీత గూడ గియ్యం.”

“సర్కారు కోసం గాదు. గా గంగాబాయి కొడుకు కోసం.”

“ఎవరి కోసమైనా సమ్మె నడిపే జేఏసీని అడగాలె గద.”

ఇదెక్కడి గోల! అడగమన్నాను. ఒకరు ఇంకొకరికి ఫోన్ చేశారు, ఆయన ర్యాలీలో ఉన్నాడు, ఇంకొకాయన హనుమకొండ వాళ్లను అడిగి చెబుతానన్నాడు. నేను చాప అంచున కూర్చుని పళ్లు నూరుకున్నాను. కూర్చున్నాక ఊరికే ఉండడం నాకు రాదు.

“యుగేందర్ వైఫై మీకు ఇక్కడిదాకా వచ్చేదా?”

“మంచిగ వచ్చేది! మామూలు డబ్బా అయితే రోడ్డు దాటదట. కంపెనోళ్లు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి వేరేది ఎక్కించిండు. లోకంల ఎవరెవరో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండ్రి, మార్చుకోండ్రి అని ఊకెనే వదిలిపెట్టిన్రట. దాంతోని సిగ్నల్ పెంచిండు. వంటావార్పు నాడు గూడ ఇక్కడికెల్లే ఫొటోలు పెడుతున్న. పప్పు వడ్డిస్తుంటె ఆగిపోయింది.”

“ఏది ఆగింది?”

“వైఫై. కరెంటు పోయిందనుకున్నం. బొగ్గు లేదు, కరెంటు లేదు, రోజు పోతనే ఉన్నది గద. మళ్ల ఎవరు పట్టించుకున్నరు?”

“మైకు గూడ ఆగిందా?”

“లేదక్కా, మైకు మోగుతనే ఉన్నది. పాటలు పాడుకుంటనే తిన్నం.”

“మైకుకు కరెంటు ఎక్కడిది?”

శారద వెనక్కి తిరిగి చూసింది. వెనకాల వైర్లు చుడుతున్న మైకుసెట్టు పోశయ్య చెప్పాడు. “యుగేందర్ ఇంట్లకెల్లే గుంజిన అమ్మా వైరు. వసారల బోర్డుకు పెట్టిన.”

ఆ ఇంట్లో కరెంటు ఉంది. మైకు పాడుతోంది. వైఫై ఒక్కటే చచ్చిపోయింది. సమ్మె రోజుల్లో ఏది ఆగినా కరెంటు మీదకు తోసేయడం మనకు ఎంత అలవాటైందంటే, చెవుల్లో మైకు హోరెత్తుతున్నా ఒక్కరికీ అనుమానం రాలేదు.

“అప్పటికెల్లి మళ్ల వచ్చిందా వైఫై?”

“రాలే,” అంది శారద మెల్లగా. “ఇప్పటిదాకా రాలే.”

జేఏసీ అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. శారద, పోశయ్య పంచులుగా వచ్చారు. సంతకం కింద “సమ్మెలో ఉన్న ఉపాధ్యాయురాలు” అని రాస్తేనే పెడతానంది శారద. మార్కండేయులు తల పట్టుకుని సరేనన్నాడు. గంగాబాయి గుమ్మం బయటే నిలబడిపోయింది.

గదిలో ఎండిన నెత్తురు మరక గడప దగ్గరే ఉంది. ఎవరో తడిగుడ్డతో తుడిచి, సగంలో వదిలేశారు. దాని జోలికి పోలేదు, దాని ఫొటోలు పోలీసులు ముందే తీసుకున్నారు. నేను బల్ల మీది అలమార ముందుకు వెళ్లాను. వైఫై డబ్బా అక్కడుంది. స్విచ్ వేయించాను. పచ్చ లైట్లు వెలిగాయి.

“చూశారా? బ్రహ్మాండంగా పని చేస్తోంది,” అన్నాడు మార్కండేయులు.

“వైఫై లైటు ఏది సార్?”

అతను వంగి చూశాడు. మిగతావి వెలిగాయి. ఆ ఒక్కటీ వెలగలేదు.

డబ్బా వెనక్కి తిప్పాను. మూల మీద చిన్న బొక్క, గుండుసూది పట్టేటంత. రీసెట్ బొక్క. అందులో ఏదో అడ్డంగా కనిపించింది. హ్యాండ్‌బ్యాగులోంచి కనుబొమల పట్టకారు తీసి మెల్లగా లాగాను. పల్చటి పుల్ల ముక్క. కొసకు ఎండిన ఆకు ఈనె అంటుకుని ఉంది.

“పోశయ్యా, ఏంది గిది?”

“విస్తరి పుల్ల గదమ్మా. మోదుగాకు విస్తరి కుట్టేది.”

“ఈ ఇంట్ల విస్తర్లు ఉన్నయా?”

“ఇంట్ల ఎందుకుంటయ్? వంటావార్పుకు చిల్పూర్‌కెల్లి మోపులు తెప్పించినం. అన్నీ రోడ్డు మీదనే.”

మార్కండేయులు మీసం మీద చెయ్యి వేశాడు. “ఎవడో పుల్లతో నొక్కాడు, విరిగింది. అయితే ఏంటండీ? సుభాషే సాయంత్రం వచ్చి నొక్కి ఉంటాడు.”

“సుభాష్ నొక్కడు సార్. యుగేందర్ ఎంబడి ఉండి ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించినోడే వాడు. నొక్కితే ఏమైతదో వానికి తెల్సు. నొక్కినోనికి తెల్వదు.”

నా ల్యాప్‌టాప్‌ను వైరుతో డబ్బాకు తగిలించాను. పేజీ తెరుచుకుంది. పైన ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక: పాస్‌వర్డ్ పెట్టలేదు, పెట్టుకోండి. కింద వైర్‌లెస్ అన్న చోట: ఆపి ఉంది. యుగేందర్ లాంటివాడు పాస్‌వర్డ్ లేకుండా డబ్బా వదిలేస్తాడా? కలలో కూడా వదలడు.

“ఇనుండ్రి,” అన్నాను. “కంపెనీ డబ్బాను రీసెట్ కొడితే అన్నీ తుడుచుకపోతయ్, గని లేవంగనే వైఫై మళ్ల మొదలైతది. అందరికి తెల్సింది గదే. ఈ డబ్బా పైకి కంపెనీదే, లోపలిది వేరే. దీన్ని రీసెట్ కొడితే మనం పోయి ఆన్ చేసేదాక వైఫై లెవ్వదు. నా ఆఫీసుల గిదే డబ్బా. ఒకపాలి నొక్కి రెండు దినాలు యుగేందర్‌ను తిట్టిన. మధ్యాహ్నం పప్పు వడ్డించేటప్పుడు ఎవడో లోపలికొచ్చి నొక్కిండు. అప్పటికెల్లి ఈ ఇంట్ల వైఫై లేదు. మరి బిక్షపతి ఆరున్నరకు ఏ వైఫై మీద ఫొటోలు పంపిండు?”

“ఈమెయిల్ వెళ్లిందండీ! నేనే చూశాను!”

“పోయింది. డేటాకార్డు పెట్టుకున్నోడు ఎక్కడికెల్లైనా పంపుతడు. మెయిల్ అబద్ధం గాదు. వైఫై అబద్ధం. అరుగు మీద కూసున్నుడు అబద్ధం. గొంతు విన్నుడు అబద్ధం.”

“యుగేందర్ సాయంత్రం దాకా బతికి లేడని దీంతో ఎలా తేలుతుందండీ? మీరు మరీ దూకుతున్నారు!”

“సార్, ఎదురుంగ శిబిరం. వైఫై కోసం అంత కష్టపడ్డ మనిషి. అది ఆగిపోతే పొద్దుగూకేదాక ఊకుంటడా? వానికి రెండు నిమిషాల పని. బతికుంటే లేచి ఆన్ చేయకపోవునా?”

మార్కండేయులు చటుక్కున శారద వైపు తిరిగాడు. పోలీసు బుర్ర పని చేయడం మొదలుపెట్టింది.

“టీచరు గారూ, అన్నాల వేళ విస్తరి పట్టుకుని ఈ ఇంట్లోకి ఎవరైనా వచ్చారా?”

శారద మొహంలో నెత్తుటి చుక్క లేదు. “బిక్షపతన్న వచ్చిండు. బావ ఫొటోల పనిల ఉన్నడు, అన్నం ఇచ్చొస్తనని విస్తరి కట్టించుకపోయిండు. నేనే వడ్డించిన. అయ్యో, నా చేతులతోనే వడ్డించిన!”

ఓరి దుర్మార్గుడా! బిడ్డల మీద ఒట్టేసి, ఆ ఇంట్లో అడుగే పెట్టలేదన్నాడు నాతో.

మార్కండేయులు కుర్చీలో కూలబడ్డాడు. “నాలుగు రోజులు వాణ్ణి నా ఎదుట కూర్చోబెట్టి టీ ఇప్పించానండీ,” అన్నాడు. గొంతులో వెటకారం చుక్క లేదు. తర్వాత గుమ్మం వైపు చూసి, “ఏమ్మా, మధ్యాహ్నం మీ అబ్బాయి భూపాలపల్లిలోనే ఉన్నాడు. ఇవాళ కోర్టు లేదు,” అన్నాడు.

గంగాబాయికి ముందు అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను. ఆమె గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “పొద్దుగాల ఠాణాల చూస్తే యాడీ యాడీ అని ఒక్కటే పిలుస్తుండె అక్కా,” అంది. అమ్మా అమ్మా అని పిలిచాడట. ఆమె పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు, పని మిగిలి ఉంది.

“ఒక్క సంగతి చెప్పండి,” అన్నాడు మార్కండేయులు. “ఆ పుల్ల పెట్టి పొడవాల్సిన అవసరం వాడికి ఏమొచ్చింది?”

“చంపిందెందుకో వాడే చెప్పాలె గని, పుల్ల మాత్రం భయం సార్. ఎవరి ఫోన్ ఈ వైఫైకి తగిలినా యుగేందర్‌కు పేర్లతోని కనవడుతది. బిక్షపతికి గది తెల్సు, అంతకుమించి తెల్వదు. తన పేరు తుడిచేస్తే అయిపాయె అనుకున్నడు.”

“పేర్లతోనా? ఇందులో అన్నీ పోయాయి కదా. నేను పైవాళ్లకు చెప్పాలండీ, నా కళ్లతో చూడాలి.”

“నీరజ తల్లిగారింట్ల గిసొంటి డబ్బానే ఉన్నది. అత్తగారింట్ల గూడ యుగేందరే పెట్టిండు. చూపిస్త.”

నీరజ యుగేందర్ భార్య, బిక్షపతి చెల్లెలు. కాన్పుకని మహబూబాబాద్‌లో తల్లిగారింటికి వెళ్లింది, పిల్లకు ఇంకా నెల నిండలేదు. మొగుడి దగ్గరే కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల. ఫోన్ చేసి స్పీకర్ మీద పెట్టాను. వైఫై పేజీ తెరిచి, తగిలి ఉన్నవాటి పేర్లు చదవమన్నాను. ఎందుకని అడగలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“చదువుతున్న అక్కా. మొదటిది నీరజ ల్యాప్‌టాప్. నాదే.”

“చూసిన్రా సార్?” అన్నాను. మార్కండేయులు తల ఊపాడు.

“రెండోది మా అన్న ఫోను. ఇప్పుడే వచ్చిండు, బాయికాడ కాళ్లు కడుక్కుంటుండు. అమ్మ కూరగాయలకు పోయింది. మూడోది...”

ఆగిపోయింది.

“మూడోది ఏందమ్మా?”

“యుగి ఫోన్ అని ఉన్నదక్కా.”

మార్కండేయులు లేచి నిలబడ్డాడు. “ఆ ఫోన్ నాలుగు రోజులుగా టవర్‌కే తగల్లేదండీ! సిమ్ తీసేశారు!”

సిమ్ తీసేశాడు బిక్షపతి, అవును. సిమ్ లేకపోతే ఫోన్ ఎవరికీ చిక్కదనుకున్నాడు. లోపల ఏం చూసుకోవాలనుకున్నాడో, ఆన్ చేసి సంచిలో వేసుకున్నాడు. వైఫైకి సిమ్‌తో పనేముంది? యుగేందర్ అత్తగారి ఇంటి గడప దాటగానే ఆ ఫోన్ పాత వైఫైని గుర్తుపట్టి, దానంతట అదే తగులుకుంది. పొద్దున నా కళ్లెదుట బండెక్కిన ఆ సంచి ఇప్పుడు బాలింత ఇంట్లో ఉంది. నేనే పంపినట్టయింది.

మార్కండేయులు తన ఫోన్‌లో మహబూబాబాద్ స్టేషన్ నంబరు నొక్కుతున్నాడు.

“నీరజా, గట్టిగ మాట్లాడకు,” అన్నాను. “పిల్లను ఎత్తుకో. చెప్పులు గూడ ఏసుకోకు. ఎన్క తలుపుకెల్లి పక్కింట్లకు పో.”

ఆమె వినడం లేదు. ఊపిరి ఎగబోసుకుంటోంది. ఏడుపో నవ్వో తెలియలేదు. తర్వాత తెలిసింది, నవ్వే. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఫోన్ దగ్గర్నుంచి మొహం తిప్పి గట్టిగా కేకేసింది.

“అన్నా! యుగి ఫోన్ మనింట్లనే ఉన్నది! ఆయనను తోలుకొచ్చినవా? చెప్పకుంట బయట నిలవెట్టినవా అన్నా?”

“నీరజా!” అని నేను అరిచాను. గంగాబాయి గుమ్మంలోంచి లేచి వచ్చి నా భుజం పట్టుకుంది.

అడుగుల చప్పుడు. తడికాళ్లతో, తొందర లేకుండా.

“ఫోన్ల ఎవరమ్మా?” బిక్షపతి గొంతు చాలా దగ్గరగా వినిపించింది.

“జనగామకెల్లి భూలక్ష్మక్క. పోలీసు సారు గూడ ఉన్నడు,” అంది నీరజ ఇంకా నవ్వుతూనే.

తలుపు గడియ పడింది. పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.